స్థలం కొంటున్నారా? కాగితం చూశాకే బయానా



ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయునికి చేతికి వచ్చిన సొమ్ము, గల్ఫ్ దేశంలో పదేళ్లు చెమటోడ్చిన సహోదరుడు పంపిన డబ్బు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి ఒక నర్సు సహోదరి నెలనెలా కూడబెట్టిన మొత్తం - ఇవి చివరికి ఏ దారి పడుతున్నవో గమనించండి. నూటికి ఎక్కువమంది ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: "ఎక్కడైనా ఓ రెండు వందల గజాలు కొని పడేస్తే, పిల్ల పెళ్లి నాటికి అక్కరకు వస్తుంది." ఈ ఆలోచన తప్పు కాదు. భూమి ఎందరో పేద కుటుంబాలను నిలబెట్టింది. అయితే అదే భూమి కోర్టుల చుట్టూ తిప్పి, ఉన్న కాస్తా ఊడ్చిన కుటుంబాలూ తక్కువేమీ కావు. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా అదృష్టం కాదు. చాలాసార్లు అది బయానా ఇవ్వడానికి ముందు గడిపిన పదిహేను రోజుల జాగ్రత్త మాత్రమే.

యిర్మీయా ప్రవక్త పొలం కొన్న సంగతి మనకు తెలుసు. అమ్మినవాడు పరాయివాడు కాడు, తన తండ్రి తోడబుట్టినవాని కుమారుడే. అయినను యిర్మీయా ఏమి చేశాడు? పదిహేడు తులముల వెండిని త్రాసులో తూచాడు. క్రయపత్రం వ్రాయించాడు. సాక్షులను పిలిపించి వారిచేత సంతకాలు చేయించాడు. ముద్ర వేసినది ఒకటి, విప్పియున్నది ఒకటి, రెండు ప్రతులు చేయించి, చాలా కాలం నిలిచేలా మంటికుండలో పెట్టించాడు. దగ్గర బంధువు దగ్గర కొంటూ ఇంత పద్ధతి పాటించాడంటే అది అపనమ్మకం వల్ల కాదు. భూమి వ్యవహారం నోటిమాట మీద నడవకూడదు గనుక. ఈ వ్యాసంలో చెప్పదలచినది కూడా ఇంతే: మనిషిని నమ్మండి, కాని డబ్బు మాత్రం కాగితాన్ని చూసి ఇవ్వండి.

1. మొదట మీ డబ్బు లెక్క చూసుకోండి

గజం 10,000 రూపాయల చొప్పున 200 గజాలు కొన్నారనుకుందాం. స్థలం ధర 20 లక్షలు. ఖర్చు అంతటితో ఆగదు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రెండు రాష్ట్రాలలోనూ సుమారు ఏడున్నర శాతం. అంటే లక్షా యాభై వేలు. మధ్యవర్తికి ఒక శాతం చొప్పున 20 వేలు. వకీలు ఫీజు, సర్వే, కంచె ఇవన్నీ కలిపి మరో 30 వేలు. మొత్తం 22 లక్షలు.

ఇదే 22 లక్షలు ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో ఉంచితే అయిదేళ్లకు సుమారు 30 లక్షల 85 వేలు అవుతుంది. అంటే మీ స్థలం గజం ధర అయిదేళ్లలో 15,400 రూపాయలు దాటితేనే బ్యాంకుతో సమానమైనట్టు. బ్యాంకు వడ్డీ మీద ఆదాయపు పన్ను ఉంటుంది, నిజమే. కాని స్థలం అమ్మినప్పుడు కూడా మధ్యవర్తికి ఇవ్వాలి, లాభం మీద పన్ను కట్టాలి. 2024 జూలై 23 తరువాత కొన్న స్థలాన్ని రెండేళ్లకు పైగా ఉంచుకొని అమ్మితే లాభం మీద పన్ను పన్నెండున్నర శాతం.

"ఏడేళ్లలో రెట్టింపు" అని ఎవరైనా అంటే ఆశ్చర్యపోకండి. ఏడేళ్లలో రెట్టింపు కావడమంటే ఏటా సుమారు పదిన్నర శాతం పెరగడం. అది మంచి రాబడే కాని అద్భుతం కాదు. పైగా రాసిపెట్టిన హామీ అసలే కాదు.

అప్పు విషయంలో మరీ జాగ్రత్త. ఖాళీ స్థలం మీద అద్దె రాదు. కిస్తీ అంతా జీతంలోంచే కట్టాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి స్థలం కొంటే అది ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ఆ వేగంతో ఏటేటా పెరిగే స్థలం మీకు దొరకడం కష్టం. చీటీ పాడి, భార్య మెడలోని బంగారం కుదువబెట్టి, పిల్లల ఫీజుకు దాచినది తీసి కొనే స్థలం ఆ కుటుంబానికి ఆస్తి కాదు, గుండెల మీద కుంపటి. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు, వైద్యానికి కావలసిన మొత్తం పక్కన పెట్టాక మిగిలినదే స్థలానికి. ఎందుకంటే జబ్బు చేసిన రోజున స్థలాన్ని ముక్కగా కోసి అమ్ముకోలేము, మంచి ధరకు అమ్మడానికి నెలలు పడుతుంది.

2. ఆ లే-అవుటుకు అనుమతి ఉందా?

పొలాన్ని చదును చేసి, ఎర్రమట్టి రోడ్లు పోసి, తెల్లరాళ్లు పాతి, నాలుగు కొబ్బరి మొక్కలు నాటినంత మాత్రాన అది లే-అవుటు కాదు. సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్చడానికి సరైన అనుమతి ఉండాలి. లే-అవుటు నమూనాకు ఆ ప్రాంతాన్ని బట్టి హెచ్.ఎం.డి.ఎ., సి.ఆర్.డి.ఎ., వి.ఎం.ఆర్.డి.ఎ. వంటి అభివృద్ధి సంస్థ గాని, పట్టణ ప్రణాళిక శాఖ అయిన డి.టి.సి.పి. గాని ఆమోదం తెలిపి ఉండాలి. "పంచాయతీ లే-అవుటు, సర్పంచి సంతకం ఉంది" అనే మాట విని తృప్తిపడవద్దు. ఆమోదం సంఖ్య అడగండి. ఆ నమూనా ప్రతి తీసుకొని, మీకు చూపిన ప్లాటు నంబరు అందులో నిజంగా ప్లాటేనా, పార్కుకు విడిచిన స్థలమా అని చూడండి. పార్కు స్థలాన్ని ప్లాటుగా అమ్మిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి.

అనుమతి లేకపోతే ఏమవుతుంది? తెలంగాణలో 2020 ఆగస్టులో అనుమతి లేని లే-అవుట్ల ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఒక్కసారిగా ఆపివేశారు. ఆ వెంటనే క్రమబద్ధీకరణ పథకం ప్రకటిస్తే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చి పడ్డాయి. వారిలో ఎక్కువమంది మనవంటి మధ్యతరగతివారే. కొన్న రోజున కొంత చౌకగా వచ్చిందని సంతోషించినవారు తరువాత క్రమబద్ధీకరణ రుసుము కట్టవలసి వచ్చింది, ఏళ్లతరబడి ఎదురుచూడవలసి వచ్చింది.

2016లో వచ్చిన రెరా చట్టం కొనుగోలుదారునికి ఒక అండ. 500 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 600 గజాలకు మించిన భూమిలో ప్లాట్లు వేసి అమ్మేవారు రాష్ట్ర రెరా సంస్థ వద్ద నమోదు చేయించుకోవాలి. నమోదుకు ముందు ప్రకటన ఇవ్వడం, బుకింగు తీసుకోవడం రెండూ నేరమే. కొనేవారి నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. అమ్మిపెట్టే ఏజెంటుకు కూడా రెరా నంబరు ఉండాలి. బ్రోచరు మీద ఆ నంబర్లు ఉన్నాయా చూసి, రెరా వెబ్‌సైటులో సరిపోల్చుకోండి. ఇంట్లో చదువుకున్న పిల్లలు పది నిమిషాల్లో చూసిపెడతారు.

"ఫార్మ్ ప్లాట్లు" అని గుంటల లెక్కన అమ్మే పొలం ముక్కలు వేరే సంగతి. అక్కడ ఇల్లు కట్టుకోవడానికి అనుమతి, బ్యాంకు అప్పు, రోడ్ల మీద హక్కు దొరుకుతాయని అనుకోకండి. కొంటే పొలంగానే కొనండి, పొలం ధరకే కొనండి.

3. హక్కు గొలుసు తెగిందా?

రిజిస్ట్రేషన్ అయితే చాలు, భూమి నాదే అని చాలామంది అనుకుంటారు. ఇది పెద్ద పొరపాటు. రిజిస్ట్రేషన్ అంటే, ఫలానావారు ఫలానావారికి ఈ పత్రం రాసి ఇచ్చారని ప్రభుత్వ పుస్తకంలో ఎక్కడం. రాసి ఇచ్చినవానికి ఎంత హక్కు ఉందో, మీకు వచ్చేది అంతే. లేని హక్కును ఏ సబ్ రిజిస్ట్రారూ పుట్టించలేడు.

అందువల్ల అమ్మేవాని పత్రంతో ఆగవద్దు. అతనికి ఎవరు అమ్మారు, వారికి ఎలా వచ్చింది - ఇలా కనీసం 30 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. వీటినే లింకు డాక్యుమెంట్లు అంటారు. గొలుసులో ఒక్క కొక్కెం తెగినా అది ఎందుకు తెగిందో తెలియాలి. జిరాక్సులు చూసి సరిపెట్టుకోకండి. అసలు పత్రాలు చూపమనండి. అసలు పత్రం ఎక్కడో తాకట్టులో ఉంటేనే "బీరువాలో ఉంది, తరువాత చూపిస్తాను" అనే మాట వస్తుంది. అనుమానం ఉంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ నకలు తీసుకోవచ్చు.

తరువాత ఇ.సి., అంటే ఆ భూమి మీద ఏయే క్రయాలు, తాకట్లు, దానాలు రిజిస్టరు అయ్యాయో చెప్పే ధ్రువపత్రం. 1983 నుంచి జరిగినవి కంప్యూటరులో దొరుకుతాయి. అంతకు ముందువి ఆఫీసులో పుస్తకాలు వెతికించాలి. అయితే ఇ.సి. కూడా అన్నీ చెప్పదు. రిజిస్టరు కాని అగ్రిమెంటు, వీలునామా, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనబడకపోవచ్చు. గనుక గ్రామంలో విచారణ తప్పదు. రెవెన్యూ రికార్డు కూడా చూడాలి: ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1-బి, తెలంగాణలో 2020 నుంచి ధరణి, 2025 ఏప్రిల్ నుంచి దాని స్థానంలో వచ్చిన భూభారతి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే జరిగిన గ్రామాలలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి. నంబర్లు వచ్చాయి. మీ పత్రంలోని పాత నంబరుకు కొత్త నంబరు ఏదో సరిచూసుకోండి.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. తండ్రి ఆస్తిని అన్నదమ్ములు అమ్ముతుంటే ఆడపడుచుల సంతకాలు ఉన్నాయా అని అడగండి. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెలకు కొడుకులతో సమాన హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి చట్టం కొంతవరకు, దేశమంతటా 2005 సవరణ పూర్తిగా ఇచ్చాయి. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం, వీలునామా లేనప్పుడు కొడుకును కూతురును సమానంగానే చూస్తుంది. "పెళ్లిచేసి పంపాము, కట్నం ఇచ్చాము, ఆమెకు ఇంకేముంది" అనే మాట కోర్టులో నిలవదు. పదేళ్ల తరువాత ఆ అక్క తన వాటా కోసం దావా వేస్తే తప్పు ఆమెది కాదు, అడగకుండా కొన్నవారిది. అలాగే వారసులలో మైనరు ఉంటే కోర్టు అనుమతి సంగతి వకీలును అడగాలి.

4. ఏ ధరకైనా కొనకూడనివి

కొన్ని భూములు ఎంత చౌకగా వచ్చినా కొనరాదు.

ప్రభుత్వం భూమిలేని పేదలకు పంచిన అసైన్డు భూములను అమ్మడం, కొనడం 1977 నాటి చట్టం నిషేధించింది. డి-ఫారం పట్టా, డి.కె.టి. పట్టా అనే పేర్లతో ఇవి కనిపిస్తాయి. తరువాత సవరణలు వచ్చిన మాట నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో కూడా ఒకటి వచ్చింది. అయితే మీరు చూస్తున్న భూమికి అది వర్తిస్తుందో లేదో తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోకుండా ముందుకు పోకండి. మన సంఘాలలో ఇట్టి పట్టాలు గల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారికి కూడా ఒక మాట: అవసరంలో ఉన్నారని చూసి తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకొని ఎకరానికి కొద్దిపాటి డబ్బు ఇచ్చిపోయేవారు వస్తారు. ఆ భూమి మీ పిల్లల అన్నం. తొందరపడి సంతకం చేయవద్దు.

షెడ్యూల్డు ప్రాంతాలలో, అంటే భద్రాచలం, పాడేరు, ఉట్నూరు వంటి మన్యం ప్రాంతాలలో, గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. 1959 నాటి నిబంధనను 1970లో మరింత గట్టి చేశారు. దీనినే 1/70 చట్టం అంటారు. దేవాదాయ భూములు, వక్ఫ్ భూములు, ప్రభుత్వ భూములు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షను కింద నిషేధ జాబితాలో ఉంటాయి. ఆ జాబితాలో మీ సర్వే నంబరు ఉందా అని మొదటి రోజే చూడండి.

చెరువు శిఖం, నాలా పక్కన ఉన్న స్థలం కూడా ఇట్టిదే. వేసవిలో చూస్తే మైదానంలా ఉంటుంది. వానాకాలంలో నీరు తన చోటు వెతుక్కుంటుంది. 2024 జూలైలో హైదరాబాదులో ఏర్పడిన హైడ్రా చెరువుల హద్దులలోని కట్టడాలు కూల్చినప్పుడు, "మాకు రిజిస్ట్రేషన్ ఉంది, ఇంటి పన్ను కడుతున్నాం" అని ఏడ్చినవారిని అందరూ చూశారు. పూర్తి నీటిమట్టం, దాని చుట్టూ వదలవలసిన బఫరు ఎంతవరకో నీటిపారుదల శాఖ, అభివృద్ధి సంస్థల పటాలలో ఉంటుంది.

5. కాళ్లతో నడిచి చూడండి

కంపెనీ కారు ఎక్కి, భోజనం తిని, అరగంటలో చూసి వచ్చేది చూడడం కాదు. మీ అంతట మీరు బస్సులో వెళ్లండి. ఒకసారి ఎండలో, ఒకసారి వానలో వెళ్లండి. ప్రధాన రహదారి నుంచి ఎంత దూరమో స్వయంగా కొలవండి. బ్రోచరులోని "అయిదు నిమిషాలు" కాకి ఎగిరే దారి కావచ్చు. పొరుగు రైతును, టీ కొట్టు యజమానిని అడగండి: ఈ పొలం ఎవరిది, తగాదా ఏమైనా ఉందా, గజం ఎంతకు పోతోంది? వారు చెప్పే ధరకూ మీకు చెప్పిన ధరకూ తేడా చూసి మీరే ఆశ్చర్యపోతారు.

కొలతలు తప్పక సరిచూడాలి. ఎకరం అంటే 4,840 చదరపు గజాలు. అందులో నూరు సెంట్లు, సెంటుకు 48.4 గజాలు, లేదా నలభై గుంటలు, గుంటకు 121 గజాలు. అంకణం లెక్క ఊరిని బట్టి మారుతుంది. గనుక ఏ లెక్కలో బేరమాడినా పత్రంలో చదరపు గజాలు, నాలుగు వైపుల పొడవులు, నాలుగు హద్దులు రాయించండి. లైసెన్సు గల సర్వేయరును పిలిచి, సర్వే పటంతో పోల్చి రాళ్లు పాతించండి. పత్రంలో 200 గజాలు, నేల మీద 180 గజాలు అయితే మీ ఉదాహరణ లెక్కలో పోయింది రెండు లక్షలు.

6. బయానా, అగ్రిమెంటు, చెల్లింపు

పైవన్నీ చూశాక, స్వతంత్రంగా ఉండే వకీలుచేత పత్రాలు చదివించాకే బయానా. అమ్మేవారు చూపించే వకీలు అమ్మేవారి వకీలే. మరొక సులభమైన పరీక్ష ఉంది: అప్పు తీసుకోకపోయినా, ఈ ప్లాటుకు అప్పు ఇస్తారా అని బ్యాంకులో అడగండి. బ్యాంకువారు తమ డబ్బు ఇవ్వడానికి వెనుకాడే స్థలం మీద మీ డబ్బు ఎందుకు?

అగ్రిమెంటులో మొత్తం ధర, ఇచ్చిన బయానా, మిగతాది కట్టవలసిన తేదీ, హక్కులో లోపం కనబడితే బయానా తిరిగి ఇవ్వాలనే షరతు స్పష్టంగా ఉండాలి. రెరా కింద నమోదైన ప్రాజెక్టులో రిజిస్టరు అయిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. అగ్రిమెంటు అమ్మకం కాదని కూడా గుర్తుంచుకోండి. అవతలివారు రిజిస్ట్రేషన్ చేయకపోతే గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లాలి.

జి.పి.ఎ. మీద స్థలం "కొనడం" మన ప్రాంతంలో చాలాకాలం నడిచింది. జి.పి.ఎ. ద్వారా యాజమాన్యం బదిలీ కాదని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఎవరైనా జి.పి.ఎ. హోల్డరుగా మీకు క్రయపత్రం రాసి ఇస్తుంటే, అసలు యజమాని జీవించి ఉన్నారా, ఆ జి.పి.ఎ. రద్దు కాలేదా అని తెలుసుకోండి. వీలైతే ఆ యజమానితో స్వయంగా మాట్లాడండి.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారే ఒక శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. "సగం తెల్లగా, సగం నల్లగా" అనే బేరం పాపమని చెప్పనవసరం లేదు; అది నష్టం కూడా. రేపు గొడవ వస్తే పత్రంలో లేని సగానికి మీ దగ్గర సాక్ష్యం ఉండదు. మీరు అమ్మిన రోజున లాభం ఎక్కువగా కనబడి పన్ను మీ మీదే పడుతుంది.

7. రిజిస్ట్రేషన్ తరువాత పని అయిపోలేదు

రిజిస్ట్రేషన్ రోజు ఉదయమే ఇ.సి. మరొకసారి చూడండి. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మిన సందర్భాలు ఉన్నాయి. భార్యాభర్తలు ఇద్దరి పేర్ల మీద రిజిస్ట్రేషన్ చేయించుకోవడం మంచిది; ఒకరు లేని రోజున మరొకరు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ కొంత తగ్గుతుంది. ఆ తరువాత మ్యుటేషన్ చేయించి, ఖాళీ స్థలం పన్ను ఏటా మీ పేరున కట్టి రశీదులు దాచండి. కడీలు పాతి కంచె వేయండి. పేరు, డాక్యుమెంటు నంబరు రాసిన బోర్డు పెట్టండి. ఏడాదికి రెండుసార్లు వెళ్లి చూడండి. ప్రైవేటు స్థలాన్ని ఇతరులు తమదేనంటూ బహిరంగంగా పన్నెండేళ్లు అనుభవిస్తే, అసలు యజమాని దావా హక్కే పోయే ప్రమాదం ఉంది. విదేశాలలో ఉన్న మన సహోదరులు ఈ విషయంలో మరీ జాగ్రత్త వహించాలి.

8. ఆశ చూపే మాటలు

"ప్రీ-లాంచ్ ధర, ఈ ఆదివారం వరకే." "ఇప్పుడు మొత్తం కడితే సగం ధరకే." "నెలనెలా అద్దె ఇస్తాం, మూడేళ్లకు మేమే తిరిగి కొంటాం." ఈ మూడు మాటలలో ఏది విన్నా లేచి రండి. రెరా నంబరు లేకుండా డబ్బు తీసుకోవడమే నేరమని పైన చూశాము. స్థలం ఇస్తామని గాని, ఎక్కువ మొత్తం తిరిగి ఇస్తామని గాని చెప్పి అగ్రిగోల్డ్ సంస్థ పలు రాష్ట్రాలలో దాదాపు 32 లక్షల మంది దగ్గర 6,000 కోట్లకు పైగా వసూలు చేసింది. చెల్లింపులు ఆగిన తరువాత ఆ ప్రజలు ఏళ్లతరబడి కోర్టుల వైపు చూస్తూ గడిపారు. వారిలో కూలి చేసుకొని కట్టినవారున్నారు.

మోసం లేని చోట కూడా కాలం పరీక్షిస్తుంది. అమరావతిని చూడండి. 2015లో రైతులు 33 వేలకు పైగా ఎకరాలు సమీకరణకు ఇచ్చారు. చుట్టుపక్కల ధరలు ఆకాశాన్ని అంటాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవారు లేకుండా పోయారు. 2024లో ప్రభుత్వం మారాక, 2025 మే నెలలో పనులు తిరిగి మొదలయ్యాయి. మధ్యలో అవసరానికి అమ్ముకున్నవారు నష్టపోయారు, ఆగగలిగినవారు నిలిచారు. ఆగగలిగే శక్తి లేనివాడు వార్తలను నమ్మి కొనకూడదు.

9. సంఘంలో అమ్మకాలు

చివరిగా, కొంచెం కష్టమైన మాట. ఈ రోజులలో ఆరాధన ముగిసి ముగియకముందే ఆవరణలో బ్రోచర్లు పంచడం చాలాచోట్ల కనిపిస్తోంది. "మన సహోదరుడే, మోసం చేస్తాడా" అని విధవరాండ్రు, పెన్షనుదారులు కాగితం చూడకుండా డబ్బు ఇస్తున్నారు. అమ్మేవాడు మంచివాడే కావచ్చు. తన పైవాడు చెప్పినది నమ్మి చెబుతూ ఉండవచ్చు. అతనికి కూడా ఆ భూమి చరిత్ర తెలియకపోవచ్చు. సంఘ పెద్దలు, సేవకులు ఏ వెంచరుకూ వేదిక మీద నుంచి సాక్ష్యం చెప్పకూడదు. ఒక ప్లాటు పోతే డబ్బు పోతుంది. పాస్టరుగారు చెప్పారని కొని పోగొట్టుకుంటే ఆ కుటుంబం గుడికి రావడమే మానేస్తుంది. సహోదరుని కాగితాలు అడగడం అతన్ని అవమానించడం కాదు. నిజాయితీగల అమ్మకందారు అడగకముందే చూపిస్తాడు. కోపగించుకొనేవాని దగ్గర కొనవద్దు.

బీరువాలో అంటించుకోవడానికి

- లే-అవుటు ఆమోదం, రెరా నంబరు స్వయంగా సరిచూశామా?
- ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, అసలు పత్రాలు చూశామా?
- ఇ.సి., రెవెన్యూ రికార్డు, 22-ఎ జాబితా చూశామా?
- ఆడపడుచులతో సహా వారసులందరి సంతకాలు ఉన్నాయా?
- వానలో స్థలం చూశామా? సర్వేయరుచేత కొలిపించామా?
- మన సొంత వకీలు చదివి రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చారా?
- డబ్బంతా బ్యాంకు ద్వారానేనా?
- ఈ సొమ్ము అయిదేళ్లు కదలకపోయినా ఇల్లు గడుస్తుందా?

వీటిలో ఒక్కదానికి "లేదు" అని జవాబు వచ్చినా బయానా ఆపండి. ఈ స్థలం పోతే మరొకటి దొరుకుతుంది. తల్లిదండ్రుల కష్టార్జితం పోతే దాన్ని తిరిగి సంపాదించే వయస్సు అందరికీ ఉండదు. కొనేముందు భార్యాభర్తలు కలిసి కూర్చోండి, పిల్లలకు కూడా లెక్క చెప్పండి, ఇంటిల్లిపాది తెలిసి చేయండి. తూచి ఇచ్చిన డబ్బు, సాక్షులున్న పత్రం, భద్రంగా దాచిన ప్రతి - ఈ మూడూ ఉన్న స్థలం చిన్నదైనా మీ బిడ్డలు దాని మీద నిర్భయంగా నిలబడతారు.